తుపాకులకు బెల్లం బొట్టు

నా ఎడమకన్ను నా కుడికన్ను కన్నా వయసులో చిన్నది. రిజర్వు పోలీసులో ఉన్నన్నాళ్ళూ గురి చూసేటప్పుడు దాన్ని మూసే ఉంచాను. మూసి ఉన్న కాలం వయసులోకి రాదు. అందుకే నడివయసులోనే ఉద్యోగం వదిలేసి నర్సీపట్నం దగ్గర జీడితోట చూసుకుంటున్న ఈ రోజుల్లో, నా కుడికన్ను కళ్ళజోడు కావాలని గోల పెడుతోంది. ఎడమది మాత్రం ఇంకా కుర్రతనం వదలక చూడకూడనివన్నీ చూస్తోంది.

ఈ సంగతి చెబితే మా వీధి కుర్రాళ్ళు నవ్వుతారు. "తుపాకీ కాల్చడానికి కన్నెందుకండీ, వేలుంటే చాలదా?" అంటాడొకడు. ఈ నాలుగు మాటలూ వాడి కోసమే. నాయనా, వేలు చేసేది చప్పుడు మాత్రమే. గుండును పంపేది కన్ను. ఆ కంటికి సాయంగా తుపాకీ మీద రెండు గుర్తులుంటాయి, సైటు అంటారు. గొట్టం కొసన నిలబడి ఉండే చిన్న ములికి ఒకటి. వెనక, కంటికి దగ్గరగా, కత్తితో కోసినట్టుండే గాడి ఒకటి. ములికి వెళ్ళి గాడి నడుమ కూర్చోవాలి. దాని తలా, గాడి రెండు భుజాలూ ఒక్క ఎత్తున ఉండాలి. ఆ తల మీద ఎదుటి గురిబోర్డులోని నల్లచుక్క ఆనాలి. ఇంతే విద్య. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు కూర్చున్నట్టు బుద్ధిగా కూర్చోవాలి ములికి. తల ఎగరేసిందా, గుండు ఆకాశానికి. తల దించిందా, గుండు పాతాళానికి.

అవి పందొమ్మిది వందల ఇరవైల నాటి రోజులు. మన్యం కలతగా ఉండేది. అందుకని నర్సీపట్నంలో మా పోలీసు లైన్లు ఎప్పుడూ జవాన్లతో నిండుగా ఉండేవి. కొండదారి ఘాటీ పైన, అడవిలో, మాదే ఒక ఠాణా ఉండేది. దాని పేరు రాయను. రాస్తే ఈ వయసులో మళ్ళీ చలి పుట్టుకొస్తుంది. అక్కడ దోమలు పొద్దు గుంకకముందే డ్యూటీకి దిగేవి. పైకి నడిచి వెళ్ళిన మనిషి జ్వరంతో డోలీలో దిగి వచ్చేవాడు. అలా దిగివచ్చిన ఒకతన్ని గుమ్మంలో నిలబెట్టి, "ఎవరు కావాలండీ?" అని వాడి పెళ్ళామే అడిగింది. ఏటా దసరా వెళ్ళగానే మాకు గురిపరీక్ష జరిగేది. అందులో తప్పినవాణ్ణి శిక్షగా ఆ ఠాణాకు పంపడం మా వాళ్ళ ఆనవాయితీ.

ఆ ఏడే నాకు పెళ్ళయింది. మా ఆవిడది పాయకరావుపేట. కాపురానికి వచ్చీరాగానే తేల్చి చెప్పేసింది.

"నాను నర్సీపట్నం మొగుణ్ణి సేసుకున్నాను గానీ కొండమీద మొగుణ్ణి కాదు. మిమ్మల్ని కొండెక్కించినారంటే నాను మా పేట ఎల్లిపోతాను. సెప్పలేదనొద్దు."

"నన్నెందుకెక్కిస్తారే? నా గురి ఏపాటిదో నీకు తెలీదేటి?"

"తెలీకేటి? కాకిని కొడతానని రాయి ఇసిరి సద్దికుండ పగలగొట్టినారు కాదేటి!"

"అది ఉత్త రాయే. దానికి సైటు లేదు."

ఈ జవాబు ఆవిడకు నచ్చలేదు. నాకూ అంతగా నచ్చలేదు.

ఇక మా హెడ్డుకానిస్టేబులు గారి సంగతి. అందరమూ హెడ్డుగారనే వాళ్ళం. గురి మాకు నేర్పింది ఆయనే. పెన్షనుకు దగ్గరపడ్డ మనిషి. మోకాళ్ళు వంగితే లేచేవి కావు, లేస్తే వంగేవి కావు. ఆయనకు పిల్లలు లేరు. లైన్లలోని తుపాకులన్నీ ఆయన ఆడపిల్లలే. నూనె పెట్టడాన్ని తలంటు అనేవారు. గొట్టంలో గుడ్డ తోసి తుడవడాన్ని చెవి శుభ్రం చెయ్యడం అనేవారు. ఏ జవానైనా తుపాకీని గోడకు మొరటుగా ఆనిస్తే, "నెమ్మదిరా, దానికి నడుం నొప్పెడద్ది" అని కేక వేసేవారు.

విజయదశమి నాడు ఆయుధపూజ ఆయన ఇంటి పెళ్ళిలా సాగేది. తుపాకులన్నిటినీ అమ్మవారి పటం ముందు వరసగా నిలబెట్టి, ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారు. ఎక్కడ? సరిగ్గా ఆ ములికి మీద. ఆడపిల్లకు ముఖం అదేనని ఆయన నమ్మకం. అయితే ఏటా ఒక చిక్కు వచ్చేది. నూనె రాసిన ఇనుము మీద బొట్టు నిలవదు. హారతి ఇచ్చేలోపే జారిపోయేది. అది చూసి ఆయన మనసు చివుక్కుమనేది. ఆ ఏడు ఒక ఉపాయం కనిపెట్టారు. చుట్టుపక్కల అన్నీ చెరుకు పండే ఊళ్ళే కదా, బెల్లానికి కరువేముంది? మంచి బెల్లం తెప్పించి, ముదురుపాకం పట్టి, పసుపూ కుంకుమా అందులోనే కలిపి, వేడివేడిగా ఒక్కొక్క ములికి మీదా చుక్క వేశారు. ఆరేసరికి రాయిలా బిగుసుకుపోయింది. ములికి తల మీద ఇంకో తల మొలిచినట్టుంది.

"ఈ యేడు మా అమ్మల మొహాలు సూడండ్రా, ఎలగ కళకళ్ళాడతన్నాయో!" అని హెడ్డుగారు కళ్ళు ఒత్తుకున్నారు.

మర్నాడే గురిపరీక్ష. బయలుదేరే ముందు వరసలో నిలబడి ఉండగా రావికమతం వాడు గొంతు సవరించుకున్నాడు. వీడు పెళ్ళికి ముందు లైన్లలో నా పక్కమంచం వాడు. మనిషి భారీ, ఆకలి మనిషి కన్నా భారీ.

"హెడ్డుగారండీ, మరి ఈ బొట్లు తుడిసీమంటారేటి?"

హెడ్డుగారు నిప్పు తొక్కినట్టు వెనక్కి తిరిగారు. "తుడుత్తావా? పెట్టిన బొట్టు తుడిసీడానికి అదేటి, మొగుడు సచ్చిన మనిసేటిరా? దానంతటదే రాలాల. తుడిసినోడి సెయ్యి ఇరగ్గొట్టీగల్ను, ఏటనుకున్నావో!"

ఆ తరవాత వరసలో ఒక్క చెయ్యి కూడా ములికి వైపు పోలేదు.

బలిఘట్టం దారిలో మట్టిదిబ్బ ముందు మా బోర్డులు పాతారు. వాటి కింద గోతిలో మనుషులు కూర్చుని, గుండు తగిలితే తగిలిన చోటు కర్రతో చూపించేవారు, తప్పితే ఎర్రజెండా ఊపేవారు. పరీక్ష పెట్టడానికి వచ్చిన పోలీసు దొరగారు జిల్లాకు కొత్త. వేటంటే ప్రాణం. తన సొంత తుపాకీ తెచ్చుకున్నారు. దాని మీద గాడీ లేదు, ములికీ లేదు. ఒక దుర్భిణీ గొట్టం బిగించి ఉంది. కన్ను దానికి మరీ దగ్గరగా పెడితే, పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని గొట్టం కనుబొమను కొరుకుతుంది. దొరగారి కుడి కనుబొమ మీద నెలవంకంత మచ్చ ఉండేది. దాన్ని ఆయన పతకంలా చూసుకునేవారు. ఆయన ఇంగ్లీషును మాకు తెలుగు చేసి చెప్పడానికి మా ఇనస్పెక్టరు గారు పక్కనే నిలబడ్డారు.

మంచి ఉత్సాహంలో ఉన్న దొరగారు దుర్భిణీని తుపాకీ మీంచి విప్పి రావికమతం వాడి చేతికిచ్చారు. వాడు కన్ను పెట్టాడో లేదో బోర్డు ఎగిరి వచ్చి వాడి ముక్కు ముందు నిలబడింది. వాడు చెయ్యి చాపి గాలిలో పొడిచాడు.

"ఇంత దగ్గిరుంటే కాల్చడమెందుకు బావూ? ఎల్లి యేలెట్టి పొడిసీవొచ్చు!"

"ఏమంటున్నాడు?" అని దొరగారు అడిగితే ఇనస్పెక్టరు గారు, "పరికరం అద్భుతంగా ఉందంటున్నాడు" అని ఇంగ్లీషులో చెప్పారు. ఆయన ఉద్యోగంలో పైకి వచ్చింది ఇలాంటి తర్జుమాల వల్లే.

పరీక్ష మొదలైంది. మొదటివాడు కాల్చాడు. బోర్డుకు బాగా ఇవతలే దుమ్ము లేచింది. ఎర్రజెండా ఊగింది. రెండోవాడు కాల్చాడు. దుమ్మే. నేను ఊపిరి బిగబట్టి, ములికి తలను గాడి భుజాలకు సమంగా కూర్చోబెట్టి, నల్లచుక్కకు ఆనించి, ట్రిగ్గరు మెత్తగా నొక్కాను. నా దుమ్ము అందరి దుమ్ము కన్నా ఎత్తు లేచింది, అది మాత్రం చెప్పుకోవాలి. రావికమతం వాడి గుండుకు నేల పెళ్ళగిలి కందగడ్డ బయటపడింది. వాడు పరీక్ష అయ్యేదాకా కన్నార్పకుండా దాన్ని కాపలా కాశాడు.

దొరగారి ముఖం మా బొట్టు రంగుకు వచ్చింది. ఏదో అరిచారు.

"దొరగారు అడుగుతున్నారు," అన్నారు ఇనస్పెక్టరు గారు, "మీరు బోర్డును కాలుస్తున్నారా, పొలం దున్నుతున్నారా అని."

కాసేపు విరామం ఇచ్చారు. తరవాత అందరూ ఒకే బోర్డు మీద ఒకేసారి కాల్చాలని ఉత్తర్వు. దొరగారు దూరంగా గుడారం నీడకు వెళ్ళిపోయారు. మళ్ళీ తప్పితే మన్యమే. కళ్ళు మూసుకుంటే మా ఆవిడ పేట బండెక్కుతూ కనిపించింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా తుపాకీ, దాని కొసన బెల్లం బొట్టు. అప్పుడు వెలిగింది నా బుర్ర.

"ఒరే బావా," అన్నాను రావికమతం వాడి చెవిలో, "బొట్టుతో ములికి పొడుగైపోయింది. పొడుగైన దాన్ని గాడిలో కూర్చోబెట్టాలంటే గొట్టం మూతి దించక తప్పదు. మూతి దిగితే గుండు నేల కరవకేం చేస్తుంది? మన గురి తప్పు కాదురా. బొట్టు తప్పు."

"అయితే తుడిసీ."

"చెయ్యి విరగ్గొడతారుట కదా!"

వాడు తుపాకీ కొసను దగ్గరగా తీసుకుని వాసన చూశాడు. పొద్దుటి నుంచి వాడికి ఏమీ తినడానికి దొరకలేదు. "బావా, ఇది బెల్లమే కాదేటి?"

"బెల్లమే."

"అమ్మోరి ముందు ఎట్టింది కాదేటి?"

"పెట్టిందే."

"అమ్మోరి ముందు ఎట్టిన బెల్లాన్ని ఏటంటారు?"

"ప్రసాదం అంటారు."

"పెసాదం తింతే తుడిసినట్టేటి?"

శాస్త్రాలు చదివిన వాళ్ళకు కూడా ఆకలి లేకపోతే ఇంత సూక్ష్మం తట్టదు. నేను తేరుకునేలోపే వాడు పని మొదలుపెట్టాడు. తూటాలు ఇంకా పంచలేదు కనక ప్రమాదం లేదు. వాణ్ణి చూసి నేను, నన్ను చూసి నా పక్కవాడు, అలా వరస మొత్తం తుపాకీ కొసలు నోటికి ఆనించుకుని నిలబడింది. ఈ రహస్యం మా కన్నా ముందే కనిపెట్టిన చీమలు కొన్ని అక్కడ ఉన్నాయి. వాటితో కొంత ఘర్షణ జరిగింది. లైన్లలో నమూనాకని వచ్చిన కొత్తరకం తుపాకీ ఒకటి పక్కన నిలబెట్టి ఉంటే, దాని బొట్టు వృథా పోనివ్వడమెందుకని రావికమతం వాడు దాన్ని కూడా శుభ్రం చేశాడు.

గుడారంలో దొరగారు చేతిలోని దుర్భిణీ మా వైపు తిప్పారు. అందులో ఆయనకు ఏం కనపడి ఉంటుందో ఊహించుకోండి. తెల్లబోయి అడిగారుట, ఈ జవాన్లు తుపాకులను ముద్దు పెట్టుకుంటున్నారెందుకని. ఇనస్పెక్టరు గారికి అసలు సంగతేమీ తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. "ఓడిపోయినందుకు ఆయుధానికి క్షమాపణ చెప్పుకుంటున్నారు సార్" అన్నారు. దొరగారు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు.

తూటాలు పంచారు. అందరమూ ఒకేసారి కాల్చాం. దిబ్బ దద్దరిల్లింది. ఈసారి నేల మీద దుమ్ము లేదు. బోర్డు మీద అక్కడొక చిల్లు, ఇక్కడొక చిల్లు. నల్లచుక్క నట్టనడుమ మాత్రం, దారంతో కొలిచి పెట్టినట్టు, ఒకే ఒక్క చిల్లు. మేము ఎగిరి గంతేశాం.

హెడ్డుగారు పరిగెత్తలేక పరిగెత్తుతూ మా వరస దగ్గరికి వచ్చారు. సంతోషంతో మొదటి తుపాకీని నిమిరారు. ఆగిపోయారు. రెండోదాన్ని చూశారు, మూడోదాన్ని చూశారు.

"నాలికలు సాపండి."

సాపాం. ఎర్రటి నాలుకలు వరసగా వేలాడాయి. గుళ్ళో కాళికాదేవి ఒక్కతే అలా ఉంటుంది. మేము లైనంతా ఉన్నాం.

"తుడవలేదండీ," అన్నాడు రావికమతం వాడు నాలుక బయట పెట్టుకునే. "పెసాదం తీసుకున్నాం."

హెడ్డుగారి మీసం కదిలింది. "ఒక్కడైనా కళ్ళకద్దుకుని తిన్నార్రా?" అని అడిగారు.

ఇంతలో దొరగారు వచ్చి ఏదో చెప్పారు. ఇనస్పెక్టరు గారు తెలుగు చేశారు. "తప్పినవాణ్ణి కొండమీదికి పంపడం పాత పద్ధతిట. దొరగారికి అది నచ్చలేదు. కొండమీద కావలసింది కొట్టగలిగినవాడు. ఆ నడిచుక్క కొట్టింది ఎవరు? ముందుకు రండి. అతన్నే పంపుతారు."

లోకంలో అంతటి వినయం అంతకు ముందుగానీ తరవాతగానీ నేను చూడలేదు. సాధారణంగా బోర్డు మీద మంచి చిల్లు పడితే నాదంటే నాదని జుట్లు పట్టుకునే మనుషులం. ఆ పూట ఒకరికొకరు దానం చేసుకున్నాం.

"అది నాది కాదండీ, ఈ బావది."

"అబ్బే, నాదెక్కడిదీ! నాను కళ్ళు మూసుకుని కాల్సినాను."

"నా తుపాకీ పేలనే లేదు బావూ."

"నాను ఆ బోర్డుకేసి సూడనైనా లేదండీ, కందగడ్డకేసి సూత్తన్నాను," అన్నాడు రావికమతం వాడు. వాడొక్కడూ నిజం చెప్పాడనుకుంటాను.

దొరగారు ఓపిగ్గా విన్నారు. విని ఒక నిర్ణయానికి వచ్చారు. శిష్యులెవరూ గొప్ప తమదనుకోవడం లేదు కనక అది గురువుదే. హెడ్డుకానిస్టేబులే కొండమీదికి వెళ్ళి అక్కడివాళ్ళకు గురి నేర్పాలి.

మా నవ్వులు ఆగిపోయాయి. ఘాటీ ఎక్కడం మాట అటుంచండి, మా హెడ్డుగారు లైన్ల అరుగు ఎక్కడానికే గోడ పట్టుకునేవారు. అక్కడి జ్వరం ఆయన్ని డోలీ దాకా కూడా రానిచ్చేది కాదు. కానీ ఆయన మడమలు కలిపి సలాము చేసి, "సిత్తం" అన్నారు. తరవాత మా వైపు తిరిగి గొంతు తగ్గించి, "మరేటి పరవాలేదు. కొండమీద తుపాకులు తుప్పట్టిపోతన్నాయంట. ఎవులో ఒకలు సూడాల గదా," అన్నారు.

నా నోరు నన్నడక్కుండా తెరుచుకుంది. "ఆ గుండు నాదండీ."

రావికమతం వాడు నా నడుం గిల్లాడు. దొరగారు కనుబొమ ఎత్తారు. నెలవంక కూడా పైకి లేచింది. ఇంతసేపూ కాదన్నవాడు ఇప్పుడు అవునంటున్నాడేమిటి? గురువును తప్పించడానికి అబద్ధమాడుతున్నాడా? తేల్చుకోవడానికి పక్కనున్న కొత్తరకం తుపాకీని నా చేతికిమ్మన్నారు. మళ్ళీ అదే చోట కొడితే నమ్ముతారట. తప్పితే హెడ్డుగారి ప్రయాణం ఖాయం.

ఆ తుపాకీతో నేను అంతకు ముందు ఒకటి రెండు సార్లే కాల్చాను. దానికి గాడి ఉండదు. కంటికి దగ్గరగా ఒక గుండ్రటి రేకు, దాని నడుమ రంధ్రం. ఆ రంధ్రంలోంచి ములికిని చూసి, ములికిని చుక్క మీద పెట్టాలి. పడుకుని తుపాకీ మడమ భుజానికి ఆనించి కన్ను పెట్టాను. పెట్టి కెవ్వుమన్నాను. రంధ్రం నిండా ఒక నల్లటి జంతువు. కాళ్ళున్నాయి, నడుముంది, మా ఇనస్పెక్టరు గారి మీసాల్లాంటి మీసాలున్నాయి. రావికమతం వాడు ములికి నాకాడు గానీ రేకు మీద కారిన పాకం నాకలేదు. దానికోసం వచ్చిన చీమ అది. గట్టిగా ఊదాను, కదలలేదు. పాకంలో కాళ్ళు అతుక్కున్నాయి.

"హెడ్డుగారండీ, కన్నంలో సీమ ఉందండీ," అన్నాను ఏడుపు గొంతుతో.

ఆయన నా తల పక్కనే నిలబడ్డారు. వంగలేరు కనక పైనుంచే చెప్పారు. "సీమనెందుకు సూత్తావురా? సీమెనకాల సూడు. కన్నాన్ని సూసినోడికి కన్నమే కనపడద్ది. నువ్వు ములికిని సూడు, అంతే. కన్నం దారి అదే ఇచ్చీద్ది."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు తప్పాలనే ఉంది. ఎవరు మాత్రం నన్ననగలరు? మీసాల చీమ అడ్డొచ్చిందంటే ఏ కచేరీ అయినా ఒప్పుకుంటుంది. కొడితే జ్వరం, దోమలు, ఖాళీ ఇల్లు. తప్పితే పెళ్ళాం, వేడన్నం. కానీ తల పక్కనే ఆయన మోకాళ్ళు. నిలబడ్డందుకే కటకట చప్పుడు చేస్తున్నాయి.

చీమను వదిలేసి చూపు దూరం పంపాను. చిత్రం చూశారా, రంధ్రం అంచు మంచులా కరిగిపోయింది. చీమ కాళ్ళు కరిగాయి, నడుము కరిగింది, ఆఖరికి మీసాలు కూడా కరిగాయి. పలచటి మబ్బు లాంటి దాని నడుమ ములికి ఒక్కటే నిటారుగా నిలబడింది. దాని తల మీద నల్లచుక్క ఆనింది. వేలు నొక్కాను.

గోతిలోంచి కర్ర లేచి నల్లచుక్క నడుమను చూపించింది. కొత్త చిల్లు లేదేమిటని అందరూ ఆత్రంగా చూశారు. ఉండదు. నా గుండు మొదటి చిల్లులోంచే దూరి అవతలికి పోయింది. దీన్ని మీరు నమ్మకపోతే నాకు అభ్యంతరం లేదు. దొరగారు నమ్మారు, నాకదే చిక్కు తెచ్చింది. చీమ మాత్రం రేకు మీద అలాగే ఉంది. కాస్త చెవుడు వచ్చి ఉంటుంది.

దొరగారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. "నీవంటి వాడు కొండమీద ఉంటే తాను నిశ్చింతగా నిద్రపోతానంటున్నారు," అన్నారు ఇనస్పెక్టరు గారు. "రేపే బయలుదేరు."

హెడ్డుగారు తుపాకీని నా చేతిలోంచి తీసుకుని, చీమ కాళ్ళను గోటితో జాగ్రత్తగా విడిపించి నేల మీద వదిలారు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి లైన్ల దాకా అలాగే నడిచారు. మోకాళ్ళ నొప్పికి ఆసరా కోసమనే నేను అనుకున్నట్టు నటించాను.

నేను బోలెడు కోతలు కోశాను. పులి తోక పట్టి మెలిపెట్టానన్నాను, మొసలితో మాట్లాడానన్నాను. అన్నిటికీ ఒక నవ్వో, ఒక చుట్టో దక్కింది. నాకు కొండ మీద కాపురం తెచ్చిపెట్టిన కోత "ఆ గుండు నాదండీ" అన్న ఆ ఒక్కటే. మొదటి గుండు ఎవరిదో దేవుడికి తెలియాలి.

సాయంత్రం ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడే జరిగిందంతా చెప్పేశాను. మా ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ వింది.

"మొదటి గుండు మీదేటి?"

"కాదేమో."

"మరి మీదని ఎందుకన్నారు?"

"హెడ్డుగారి మోకాళ్ళు చూశావు కదా."

ఆవిడ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. నేను అరుగు మీద కూలబడ్డాను. లోపలికి తొంగి చూసేసరికి ఉన్న దుప్పట్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసి మూట కడుతోంది.

"పేటకు ఇన్ని దుప్పట్లెందుకే?"

"పేటకెవులెల్తన్నారు?" అంది మూట ముడి పళ్ళతో బిగిస్తూ. "అన్నేసి దోమలున్న కాడ మీరొక్కరూ ఏటి సరిపోతారు? రండి బేగి, ఈ కొస పట్టుకోండి."